మధ్యాహ్నం బ్యాచి

ఆ ఏడాది ఇప్పపూలు రాలే రోజుల్లో నా బిడ్డ డిగ్రీ పోయింది. పోగొట్టినవాడు నా భార్య తమ్ముడు జయరాజ్. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

అది 2007. మేము గోదావరికి ఇవతల, బూర్గంపాడు మండలంలో ఉంటాం. వంతెన దాటితే భద్రాచలం. నేను కాగితం మిల్లు కట్టె యార్డులో పనిచేసేవాణ్ణి. లారీల మీద వచ్చిన కర్రను దింపించి, రకం చూసి పేర్పించడం నా పని. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. నా భార్య ఫ్లోరెన్స్ చనిపోయి అప్పటికి చాలా ఏళ్లయింది. మాకు ఒక్కతే బిడ్డ, రిబ్కా.

జయరాజ్ భద్రాచలంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. మా ఇంట్లో ఉండి ఇంటర్ చదువుకున్నవాడు. రిబ్కా ఇంటర్ పాసైనప్పుడు ఏ గ్రూపు తీసుకోవాలో అతనే వచ్చి, మంచం మీద కూర్చుని చెప్పాడు.

"ఉత్త కెమిస్ట్రీ అని డిగ్రీ ఉండది బావా. దానికి తోడు ఇంకో రెండు సబ్జెక్టులు ఉండాలె. లెక్కలు, ఫిజిక్స్ కలిస్తే ఒక గ్రూపు. బాటనీ, జువాలజీ కలిస్తే ఇంకో గ్రూపు."

"మూడెందుకు? ఒక్కటే సక్కగ చదివితే సాలదా?"

"బండికి ఒక్క ఎద్దునే కడతవా?"

"మూడు ఎడ్లను ఎవడు కడతడు?" అన్నాను.

రిబ్కా పొట్ట పట్టుకుని నవ్వింది. జయరాజూ నవ్వాడు. మిల్లు ల్యాబ్‌లో చేరాలంటే కెమిస్ట్రీతో పాటు ఫిజిక్స్ కూడా ఉండాలని కనుక్కుని చెప్పింది అతనే. అందుకే రిబ్కాను లెక్కల గ్రూపులో వేశాం. తన కూతురు ఆరాధనను మాత్రం బాటనీ గ్రూపులో చేర్పించాడు. ఆ పిల్లకు లెక్కలంటే భయం. ఇద్దరికీ కెమిస్ట్రీ ఒకటే, పాఠాలు ఒకే గదిలో చెప్పేవాళ్లు. ల్యాబ్ చిన్నది కాబట్టి ప్రాక్టికల్స్‌కు మాత్రం గ్రూపుకొక బ్యాచి.

మూడో ఏడు ఫిబ్రవరిలో మిల్లు ల్యాబ్ ఇన్‌చార్జి యార్డుకు వచ్చి నన్ను పిలిచాడు. "అంతోనయ్యా, జూన్‌ల ట్రైనీలను తీసుకుంటున్నం. వర్కర్ల పిల్లలకే ముందు ఛాన్సు. నీ బిడ్డ పాసైతే చాలు, నా దగ్గరికి పంపు."

పక్కనే ఉన్న లారీ డ్రైవర్ హాతీరాం ఊరుకోలేదు. "ఇగ అయిపాయె. అంతోనన్న బిడ్డ తెల్లకోటు ఏసుకుని ఒస్తది. కర్ర మంచిగ లేదని మనకే చీటీ రాస్తది."

"ముందుగాల నీ లారీకే రాయిస్త తీ," అన్నాను.

ఆ రోజు ఇంటికి పోయి రిబ్కాతో చెప్పాను. ఆమె సంతోషపడింది గానీ, పాసవడమంటే ఏమిటో నాకు మళ్లీ విడమరిచి చెప్పింది. థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు. రెండూ వేటికవి పాసవ్వాలి. ప్రాక్టికల్ పోతే థియరీలో ఎన్ని మార్కులొచ్చినా డిగ్రీ ఇవ్వరు. ఇంగ్లీషు, తెలుగు, పర్యావరణం పేపర్లు కూడా గట్టెక్కాలి. అవి ఆమెకు అప్పటికే అయిపోయాయి.

"చెట్లు నరికి కాయితం చేసే మిల్లుల పనికి పర్యావరణం పరీక్షనా?"

"అది మిల్లోళ్లకు పెట్టాలె నాయినా. మాకు పెట్టిండ్రు."

ఆ నెలంతా ఆమె వేళ్ల కొసలు నల్లగా ఉండేవి. నేరేడు పండ్లు తిన్నావా అంటే, ఈ కాలంల నేరేడు పండ్లు ఏడియి అని వెక్కిరించింది. సిల్వర్ నైట్రేట్ అని ఒక మందు ఉంటుందట. వేలికి తగిలినప్పుడు ఏమీ కనపడదు. కాసేపు వెలుతురు తగిలాక నల్లబడుతుంది. సబ్బుకు పోదు. పైతోలు ఊడితేనే పోతుంది. మామయ్య చేతి తొడుగులు ఇప్పించడా అని అడిగాను. కాలేజీలో అట్లాంటివి లేవంది.

ప్రాక్టికల్ పరీక్ష మార్చిలో పడింది. పొద్దున లెక్కల గ్రూపు, మధ్యాహ్నం బాటనీ గ్రూపు. నేను సగం రోజు సెలవు పెట్టి కాలేజీ ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నాను. పరీక్ష అయిపోగానే బిడ్డను తీసుకెళ్లి బిర్యానీ తినిపించాలనుకున్నాను. పొద్దున బ్యాచి పిల్లలు బయటికొచ్చారు. రిబ్కా రాలేదు. ఆమెతో చదివే పిల్లను ఆపి అడిగాను.

"లోపల్నే ఉంది అంకుల్. జయరాజ్ సారు ఉండమన్నడు."

మామ ఉండమన్నాడంటే ఏదో పని ఉంటుందిలే అనుకుని ఇంకో చాయ్ తాగాను. మధ్యాహ్నం బ్యాచి లోపలికి పోయింది. ఆ గుంపులో ఆరాధన నాకు కనపడలేదు. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

కొంతసేపటికి అటెండర్ రోడ్డు దాటి వచ్చాడు. "రిబ్కా వాళ్ల నాయిన నువ్వేనా? ప్రిన్సిపాల్ సారు రమ్మంటుండు. జల్దీ రా."

ప్రిన్సిపాల్ వెంకటరామారావు గారి గదిలో నా బిడ్డ నిలబడి ఉంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, తెల్లటి మీసాల మనిషి, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జయరాజ్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు.

"మీ అమ్మాయి పొద్దున తన పరీక్ష తాను రాసింది," అన్నాడు ఎగ్జామినర్. "మధ్యాహ్నం ఇంకో అమ్మాయి నంబరు మీద మళ్లీ వచ్చి కూర్చుంది. అరవై మంది ముఖాలు నాకు గుర్తుండవు. కానీ మధ్యాహ్నం బ్యాచికి ఇంకా ఒక్క సీసా మూత కూడా తీయలేదు. ఈ అమ్మాయి వేళ్ల మీద అప్పటికే తాజా నల్ల మరకలున్నాయి. పిలిచి అడిగితే నిలబడి ఏడ్చింది."

"ఎవరి నంబరు సారూ?"

ఎగ్జామినర్ జయరాజ్ వైపు చూశాడు. జయరాజ్ తల తిప్పలేదు. ప్రిన్సిపాల్ గారే చెప్పారు. "ఆరాధన."

హాల్ టికెట్లు చూసి పిల్లలను లోపలికి పంపేది ఇంటర్నల్ ఎగ్జామినర్. ఆ ఏడాది ఇంటర్నల్ జయరాజే.

"జయరాజ్," అన్నాను.

"బావా, ఇప్పుడేం మాట్లాడకు," అన్నాడు మెల్లగా.

సంగతంతా ఆ సాయంత్రమే రిబ్కా చెప్పింది. మొదటేడు ఆరాధన పిప్పెట్‌ను నోటితో పీలుస్తూ యాసిడ్ లోపలికి లాక్కుంది. నాలుక కాలింది. అప్పట్నుంచి ల్యాబ్ గడప తొక్కాలంటే వణుకు. రెండేళ్లు తండ్రి చాటున ఎట్లాగో నెట్టుకొచ్చింది. ఈ ఏడు వచ్చే ఎగ్జామినర్ ఒక్కొక్కరి దగ్గర నిలబడి చూస్తాడని తెలిసి, జయరాజ్ రిబ్కాను అడిగాడు. కెమిస్ట్రీ లెక్చరర్ కూతురు కెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో తప్పితే తల ఎక్కడ పెట్టుకోవాలన్నాడట.

"నాకొక్క మాట చెప్పొద్దా?"

"చెప్తే వద్దంటవని చెప్పలే."

మరునాడు జయరాజ్ యార్డుకు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కర్ర దొంతరల మధ్య నిలబడి నా చేతులు పట్టుకున్నాడు. యూనివర్సిటీ కమిటీ వేసిందట. విచారణకు వస్తుందట.

"నేనే కూసోబెట్టిన అని కమిటీ ముంగట చెప్త బావా. పిల్లకు ఏం గానియ్య. నువ్వు మాత్రం ముందుగాల ఎవరికీ కంప్లైంట్ రాయకు. రాస్తే అది పోలీసు కేసయితది. అప్పుడు ఇద్దరు పిల్లలూ పోతరు."

"నిజంగ చెప్తవా?"

"నడువ్. అక్క దగ్గర చెప్త."

మా తోట, అంటే మా సంఘం సమాధుల తోట, మిల్లు రోడ్డు వెనకే. ఇద్దరం నడుచుకుంటూ పోయాం. ఫ్లోరెన్స్ సమాధి మీద అరచెయ్యి పెట్టి అన్నాడు, "అక్కా, నీ బిడ్డను నేను కాపాడుకుంట." దాని మీద పడి ఏడ్చాడు. నేనే లేపాను. చొక్కాకు అంటిన మట్టి దులిపాను.

నేను ఎవరికీ రాయలేదు.

కమిటీ శ్రీరామనవమి మరునాడు వచ్చింది. కల్యాణం చూసి తిరిగిపోయే బస్సులతో వంతెన నిండిపోయింది. సైకిల్ నెట్టుకుంటూ, రిబ్కా పక్కన నడుస్తూ, ఆలస్యంగా చేరాం. తండ్రిని కాబట్టి నన్నూ లోపల కూర్చోనిచ్చారు. ముగ్గురు సభ్యులు, పక్కన ప్రిన్సిపాల్ గారు. ముందు జయరాజ్‌ను అడిగారు.

అతను లేచి చొక్కా సర్దుకున్నాడు. మధ్యాహ్నం బ్యాచి మొదలయ్యే వేళ తాను స్టోర్ రూంలో ఉన్నానన్నాడు. తన కూతురికి జ్వరం వచ్చి ఇంటికి పోయిందని, హాజరులో ఆమె రాలేదని తానే రాశానని చెప్పాడు. రిబ్కా ఎప్పుడు వచ్చి కూర్చుందో చూడలేదన్నాడు. "నా మేనకోడలే సార్. మా పాపంటే ప్రాణం. ఆ ప్రేమతోనే చేసి ఉంటది. చిన్నపిల్ల. దయచేసి కనికరించండి."

కనికరించమని కూడా అన్నాడు.

నేను లేచాను. "అబద్ధం సారూ. ఆయనే ఉండమన్నడు. నా బిడ్డ చెప్తది."

సభ్యుల్లో ఒక ఆడమనిషి ఉంది. ఆమె రిబ్కాను దగ్గరికి పిలిచి మెత్తగా చెప్పింది. "చూడమ్మా, ఎవరైనా కూర్చోమంటే కూర్చున్నానని చెప్పు. ఈ ఒక్క ఏడు పోతుంది, వచ్చే ఏడు మళ్లీ రాసుకుంటావు. నీ అంతట నువ్వే చేశావంటే ఈ ఏడు పరీక్షలన్నీ రద్దయి, ఇంకో మూడేళ్లు రాయనివ్వరు. ఎవరు కూర్చోమన్నారు?"

రిబ్కా జయరాజ్ వైపు చూసింది. అతను తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"ఎవ్వరు అనలే మేడం. నేనే కూసున్న."

"ఆరాధనకు తెలుసా?"

"తెల్వదు."

ఆ మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఫైలు వచ్చే నెల తొమ్మిదిన పైకి పోతుంది. అంతలోపు మనసు మారితే ప్రిన్సిపాల్ గారికి చెప్పు," అంది.

వంతెన మీద బస్సులు ఇంకా ఆగే ఉన్నాయి. ఒకదాంట్లో భజన చేస్తున్నారు. సగం వంతెన దాటాక అడిగాను.

"ఎందుకు చెప్పలే?"

ఆమె నడుస్తూనే ఉంది.

"నిన్నే అడుగుతున్న."

"అమ్మ చనిపోయినంక నాకు జడలేసింది ఎవరు నాయినా?"

"అన్నం పెట్టింది నేను."

"పెట్టినవ్. గిన్నె మీద మూతపెట్టి డ్యూటీకి పోయినవ్. జడలేసింది రోజారాణి అత్తమ్మ. పెద్దమనిషినైతే దగ్గరుండి చూసుకుంది అత్తమ్మ. నేను ఏడిస్తే ఎందుకేడుస్తున్నవని అడిగింది గూడ అత్తమ్మనే."

"అందుకని?"

"మామయ్య నౌకరి పోతే వాళ్లేం గావాలె?"

"మనమేం గావాలె?"

"మనకు అలవాటే గదా," అంది.

రెండు షిఫ్టులు చేసింది ఎవరి కోసం? ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా తెలుసుకోవాల్సిన మనిషి ఆమె.

తొమ్మిదో తారీఖు ఈస్టర్ మరునాడు పడింది. ఆదివారం గడిచిపోతే ఆమెను నేనే లాక్కెళ్లి ప్రిన్సిపాల్ గారి ముందు నిలబెడదామనుకున్నాను. రెండు వారాలూ ఆమె వండేది, నేను తినేవాణ్ణి. ఆమె పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెడుతుంటే చూశాను. దింపమన్నాను. దింపలేదు.

జయరాజ్ కుటుంబం అవతల ఒడ్డున ఉన్నా, వాళ్ల సభ్యత్వం మా గుడిలోనే. ఈస్టర్‌కు అందరూ వచ్చారు. జయరాజ్, అతని భార్య రోజారాణి, ఆరాధన. ముందు వరసలో కూర్చున్నారు. మా సంఘంలో పాత ఆచారం ఒకటి ఉంది. ప్రభువు బల్ల దగ్గరికి పోయే ముందు, ఎవరిమీదైనా కోపం ఉంటే సమాధానపడాలి. పాస్టర్‌గారు పేర్లు పెట్టి పిలుస్తారు. పిలిచినవాళ్లు లేచి అందరి ముందు చేతులు కలపాలి. కలపనివాళ్లకు రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. పొలం గట్టు తగాదాలు, అత్తాకోడళ్ల తగాదాలు అట్లా తీరిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఆ రోజు పాస్టర్ శాంతికుమార్ గారు బల్ల మీది తెల్లబట్ట తీయకుండానే ఆగారు. "అంతోనయ్యా. జయరాజ్. ముందుకు రండి."

జయరాజ్ ఆ పిలుపు కోసమే ఉన్నట్టు లేచాడు. చెయ్యి ముందుకు చాచుకుని నడిచి వచ్చాడు. నేను నా చోటనే లేచి నిలబడ్డాను.

"రేపు నువ్వు పోయి నిజం చెప్పి రా. ఎల్లుండి నేనే నీ ఇంటికొచ్చి చెయ్యి కలుపుత," అన్నాను.

గుడిలో గుసగుసలు లేచాయి. పాస్టర్‌గారు చెయ్యెత్తారు. "ఇది కచేరి కాదు అంతోనయ్యా. ప్రభువు బల్ల. లెక్కలు ఇక్కడ తేల్చుకోరు."

"మరి ఎక్కడ తేల్చుకోవాలె అయ్యగారూ? కచేరిల ఆయన అబద్ధం చెప్పిండు. ఈడ చెయ్యి చాపుతుండు."

"పండుగ పూట గట్లనొద్దు అన్నా," అని వెనకనుంచి ఎవరో అన్నారు. "నీ బావమర్దే గదా."

నేను ఆడవాళ్ల వైపు తిరిగాను. "రిబ్కా. లేసి చెప్పు. మీ మామయ్య ఏమన్నడో గీ సంఘం ముంగట చెప్పు. ఒక్క మాట చాలు."

ఆమె లేచింది. చీర కొంగు తలమీదికి లాక్కుంది. చాపల మధ్య నుంచి నడిచి ముందుకు వచ్చింది. నా వైపే వస్తుందనుకున్నాను. జయరాజ్ ముందు ఆగింది. చాచిన అతని చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

"నన్ను క్షమించు మామయ్యా," అంది. "నా వల్ల నీకు మాటొచ్చింది."

జయరాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "క్షమించిన బిడ్డా," అన్నాడు.

పాస్టర్‌గారు స్తోత్రం అన్నారు. గుడంతా స్తోత్రం అంది. రోజారాణి వచ్చి రిబ్కాను పట్టుకుని ముందు వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆరాధన ఒక్కతే తల దించుకుని ఉంది. పాస్టర్‌గారు బల్ల మీది బట్ట తీశారు.

నేను చెప్పులు వెతుక్కుని బయటికి వచ్చాను. ఎవరూ ఆపలేదు.

సోమవారం ఫైలు పైకి పోయింది. థియరీ పరీక్షలు మొదలైన రోజు రిబ్కా ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. ఆరాధనకు జ్వరమొచ్చిందన్న కారణంతో ప్రాక్టికల్ ఇంకో ఊళ్లో పెట్టారు. అక్కడి ఎగ్జామినర్ జయరాజ్‌తో చదువుకున్నవాడు. జూన్‌లో ఆ పిల్ల డిగ్రీ పాసైందని తెలిసింది. మిల్లు ల్యాబ్‌లో జూలూరుపాడు పిల్లగాడెవరో చేరాడు. హాతీరాం ఆ సంగతి నాకు చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టి ఊరుకున్నాడు.

మొదటి వాన పడిన రోజు రిబ్కా సంచి సర్దుకుంది.

"యాడికి?"

"మామయ్య ఇంటికి. ఒక జూనియర్ కాలేజీల పని ఇప్పించిండు. రోజూ వంతెన దాటి తిరుగుడు కష్టం గదా, ఆన్నే ఉండమన్నరు."

"ఏం పని?"

"ల్యాబ్ అటెండర్. సీసాలు కడుగుడు, పిల్లలకు సామాన్లు ఇచ్చుడు."

"దానికి డిగ్రీ వద్దా?"

"అక్కర్లేదంట."

సంచి గుమ్మం దగ్గర పెట్టింది. "అన్నం వండి పెట్టిన నాయినా. కూర గూడ ఉంది. మూత పెట్టిన."

నేను రోడ్డు దాకా వెళ్లలేదు. ఆటో కదిలిన చప్పుడు వినపడింది. ఆ అన్నం పక్కింటి రామక్క మేకలకు పెట్టాను.

వానాకాలం మధ్యలో శాంతికుమార్ గారు ఇంటికి వచ్చారు. మంచం చూపించాను, కూర్చున్నారు. ఈస్టర్ నుంచి నేను గుడికి రావడం లేదని, బిడ్డ ప్రతి ఆదివారం వాకిలి వైపు చూస్తుందని చెప్పారు. జయరాజ్‌ను క్షమించమన్నారు.

"జయరాజ్ నన్ను క్షమించమని అడగలేదు అయ్యగారూ," అన్నాను.

"సరే. అడిగితే క్షమాపణ ఇస్తవా?"

"ఇయ్యను," అన్నాను.